పలికింది

మా దుకాణంలో ఒక మాట మీద హక్కు ఒక్కరికే. ఆ మాట "పలికింది". అనేది నాన్న. పదకొండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని పనిచేస్తున్నాను, ఒక్కసారైనా ఆ మాట నా నోటితో అనలేదు. అలాంటిది మా చెల్లెలు వచ్చిన నాలుగో రోజే అనేసింది. నాన్న అడ్డు చెప్పలేదు. అప్పటినుంచీ నాకు కడుపుమంట. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. మొహం మీదే కనిపిస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు.

ముందు ఆ మాటేమిటో చెప్పాలి. మాది బోర్డులు బాగుచేసే దుకాణం. మెషీన్ల లోపల ఆకుపచ్చ పలకలుంటాయి కదా, వాటి మీద విరిగిపోయిన కనెక్టర్లు, అంటే కేబుల్ గుచ్చే ప్లాస్టిక్ ముక్కలు, తీసి కొత్తవి పెడతాం. పాతకాలపు కనెక్టర్ల కాళ్ళు చిల్లుల్లోంచి బోర్డు అవతలికి దిగేవి. ఇప్పటివి పైపైనే అతుక్కుని కూర్చుంటాయి. నలభై కాళ్ళుంటే నలభై చోట్లా టంకం ఒకేసారి కరగాలి. మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో ఒక కాలు కరిగించి రెండోదానికి వెళ్ళేలోపు మొదటిది గడ్డకట్టేస్తుంది. అందుకే వేడిగాలి. గన్ను మూతిలోంచి మూడువందల యాభై డిగ్రీల గాలి సన్నగా వస్తుంటే, కనెక్టరు మీద ఆగకుండా తిప్పుతూ ఉండాలి.

తొందరపడి లాగితే కిందున్న రాగి మచ్చలు, ప్యాడ్లంటాం వాటిని, కాళ్ళతో పాటు ఊడి వచ్చేస్తాయి. ఆలస్యం చేస్తే ప్లాస్టిక్ వాలిపోతుంది, బోర్డు ఉబ్బుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక్క క్షణం ఉంటుంది. ట్వీజరు మొనతో కనెక్టరును వెంట్రుకవాసి పక్కకు తోస్తే, అది జరిగి, మళ్ళీ తనంతట తానే తన చోటికి వచ్చి కూర్చుంటుంది. కరిగిన టంకమే దాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఆ కదలికను చూసి నాన్న "పలికింది" అంటాడు. ఆయన అన్నాకే ఎత్తాలి. అనకముందు ఎత్తకూడదు. ఇది మా ఇంటి చట్టం.

ఆయన నా ఎడమపక్కన చిన్న స్టూలు మీద కూర్చుంటాడు. తల కాస్త పక్కకు తిప్పి, బోర్డును ఓరకంట చూస్తాడు. అదేం చూపని ఎవరైనా అడిగితే, చిన్న వస్తువును తిన్నగా చూడకూడదని చెప్పేవాడు. నేను నమ్మాను. ఆయన చెప్పినవన్నీ నమ్మాను. నాన్న నోట ఆ మాట వినబడగానే నా చెయ్యి దానంతట అది లేచేది. దానికి మించిన మెప్పు నాకు అక్కర్లేదనుకునేదాన్ని. ఆయన కూడా అంతకుమించి ఏ మెప్పూ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

ఇక చెల్లెలు. ఇంట్లో చిట్టి అంటాం, మనిషి మాత్రం నాకంటే జానెడు పొడుగు. ఏడేళ్ళు బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేసింది. అది మూతపడితే ఎనిమిది నెలల కిందట మా దుకాణానికి వచ్చింది. వచ్చిన మొదటిరోజే మరమేకులు, విడిభాగాలు అన్నీ డబ్బాల్లోకి సర్ది, డబ్బాల మీద చీటీలు అతికించింది. "ఇన్నాళ్ళూ ఎలా వెతుక్కున్నావక్కా" అంది. నేను వెతుక్కోలేదు. నాకు తెలుసు ఏది ఎక్కడుందో. చీటీలు అతికించాక తెలియకుండా పోయింది.

దానికి పనిచేస్తూ కూనిరాగం తీసే అలవాటు. ఏ పాటో తెలియదు, దానికీ తెలియదు. నాకు చెవిలో ఈగ దూరినట్టుండేది. వేడిగాలి గన్ను ఉండే బల్లను గాలిబల్ల అంటాం, దాని దగ్గరి కుర్చీ ఒక్కటే. అది వాడుకున్న ప్రతిసారీ మీట నొక్కి ఎత్తు పెంచి వెళ్ళేది, పొద్దున్నే నేను కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. దించమంటే "అయ్యో మరిచిపోయానక్కా" అనేది. రోజూ మరిచిపోయేది. పైగా నామీద వేళాకోళం ఒకటి.

"అక్క పనిచేస్తుంటే చూశావా నాన్నా, నీళ్ళలో మునిగినట్టు ఊపిరి బిగబడుతుంది. అంతా అయ్యాక బుస్సుమంటుంది."

"నేనేమన్నా పామునా" అన్నాను.

నాన్న నవ్వాడు. అది ఏమన్నా నవ్వుతాడు. నేను అదే మాటంటే నాకు ముక్కుమీదే కోపమంటాడు.

ఆ నాలుగో రోజు సంగతి ఇదీ. చెల్లెలు ఒక కనెక్టరు తీస్తోంది. నాన్న స్టూలు మీద ఉన్నాడు. నేను కౌంటరు దగ్గర ఎవరికో చీటీ రాస్తున్నాను. కూనిరాగం ఆగింది. "పలికింది" అంది అది, ఏదో టీ చల్లారిందన్నంత మామూలుగా. కనెక్టరు ఎత్తి పక్కన పెట్టింది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నాన్న దాన్ని చీవాట్లు పెడతాడని చూశాను. "ఊ" అన్నాడు. అంతే. పదకొండేళ్ళు నోరు కట్టుకున్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి అది అంటూనే ఉంది, ఆయన ఊకొడుతూనే ఉన్నాడు. నా పనికి మాత్రం పాత చట్టమే. దాని మీద నమ్మకం, నా మీద కాపలా అనుకున్నాను. రాత్రి అన్నం సహించేది కాదు. "చెల్లెలు మంచిగా చేస్తే నీకేం పోయింది" అని మా ఆయన అన్నాడు. ఆయనకు అన్నదమ్ముల్లేరు, ఏం తెలుస్తుంది.

ఇంతలో నాన్న ఓ సోమవారం పొద్దున ప్రకటించాడు.

"ఒకటో తారీఖు నుంచి నేను రాను. ఇంక మీరిద్దరూ చూసుకోండి."

"గాలిబల్ల ఎవరు చూడాలి?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"చూద్దాంలే" అన్నాడు.

ఆ "చూద్దాంలే" నన్ను నిద్రపోనివ్వలేదు. మా దుకాణంలో మిగతా పని ఎవరైనా చేస్తారు. గాలిబల్ల దగ్గర కూర్చున్నవాళ్ళదే ఆఖరి మాట. ఆ కుర్చీ చెల్లెలికిస్తే, నేను జీవితాంతం కౌంటరు దగ్గర చీటీలు రాసుకుంటూ దాని కూనిరాగం వినాలి. నాకు ఆ కుర్చీ కావాలి. ఎందుకు కావాలో దాపరికమేం లేదు, అది నాది కాబట్టి.

ఆ వారంలోనే టైలరమ్మ వచ్చింది. ఆమెది మా వీధి చివర కుట్టుకొట్టు. ఎంబ్రాయిడరీ మిషన్ బోర్డు గుడ్డలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చింది. తెర కేబుల్ గుచ్చే కనెక్టరు గొళ్ళెం విరిగి, తెర వెలగడం లేదు. నలభై కాళ్ళది.

"బడి పిల్లల బ్యాడ్జీలు రెండువందలు కుట్టాలమ్మా. ఎల్లుండికి ఇస్తానని మాటిచ్చాను. కొత్త బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదంట" అంది.

నాన్న బోర్డు మీద వేళ్ళతో తడిమి చూశాడు.

"పెద్దమ్మాయి చేస్తుంది" అన్నాడు.

నా గుండె ఇంతయింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

"చిట్టీ, నువ్వు కూడా పక్కనుండు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నాకు తోడెందుకు? అయినా టైలరమ్మ ముందు ఏమీ అనలేదు. ఈ బోర్డుతోనే తేలిపోతుందనుకున్నాను. ఇది చక్కగా చేసి చూపిస్తే కుర్చీ మాట నాన్న ఇంక "చూద్దాంలే" అనడానికి ఉండదు.

మర్నాడు పదకొండింటికి కూర్చున్నాను. కుర్చీ మళ్ళీ ఎత్తుగా ఉంది, దించుకున్నాను. విరిగిన కనెక్టరు పక్కనే మోటారుది ఒక తెల్ల కనెక్టరుంది, వేడి తగిలితే ఇట్టే వాలిపోయే రకం. దానికి వేడి తట్టుకునే పసుపుపచ్చ టేపు రెండు పొరలు వేసి, పైన రేకు కప్పాను. టంకం బాగా పారడానికి కాళ్ళ వెంబడి ఫ్లక్స్ అనే జిగురు పూశాను. కింది నుంచి బోర్డును వెచ్చబరిచే పలక వేసి రెండు నిమిషాలు ఆగాను. అంతా పద్ధతిగానే చేశాను, ఆ సంగతి గట్టిగా చెప్పగలను. నాన్న ఎడమపక్కన స్టూలు మీద, తల పక్కకు తిప్పుకుని. చెల్లెలు నా వెనక నిలబడింది. దాని ఊపిరి నా మెడ మీద తగులుతోంది.

గాలి తిప్పడం మొదలుపెట్టాను. ఫ్లక్స్ పొగ లేచింది. టంకం బూడిదరంగు పోయి మెరుపు వస్తోంది. ట్వీజరుతో తోశాను. కదలలేదు. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ తోశాను. జరిగింది, తిరిగి వచ్చి కూర్చుంది. నా కళ్ళతో చూశాను. నాన్న మాట కోసం ఆగాను.

నాన్న ఉలకలేదు, పలకలేదు.

నాకు భయం వేసింది. నేను చూసింది తప్పేమో. ఓ మూల కాళ్ళు ఇంకా కరగలేదేమో, ఆయనకు కనిపించిందేమో. గాలి తిప్పుతూనే ఉన్నాను. మెడ మీద దాని ఊపిరి. పళ్ళు బిగించి కూర్చున్నాను.

"పలికిందక్కా" అంది చెల్లెలు మెల్లిగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. నా బోర్డు మీద, నాన్న పక్కనుండగా, అది చెబితే నేను ఎత్తాలా? ఎత్తితే రేపటి నుంచి ఈ దుకాణంలో ఆ మాట దానిదే అవుతుంది. ఎత్తలేదు. నాన్న అనాలి. అనేదాకా తిప్పుతాను.

"అక్కా, ఎత్తు" అంది అది మళ్ళీ.

"నోరుమూసుకో" అన్నాను.

అలా అనడానికి నోరు తెరిచాను కదా, అప్పుడు తెలిసింది వాసన. ఫ్లక్స్ వాసన కాదు, ప్లాస్టిక్ మాడిన వాసన. గాభరాగా కనెక్టరు పట్టి ఎత్తాను. వచ్చింది. దాంతోపాటు ఓ చివర రెండు ప్యాడ్లు ఊడి వచ్చాయి. బోర్డు ఆ చోట చిన్న పొక్కులా లేచింది. రేకు తీసి చూస్తే తెల్ల కనెక్టరు ఓ పక్కకు వాలిపోయి ఉంది.

గన్ను స్టాండులో పెట్టాను. పదకొండేళ్ళలో ఇంత చెత్తగా ఏ బోర్డూ పాడుచెయ్యలేదు. బల్ల మీద టైలరమ్మ బోర్డు చుట్టి తెచ్చిన గుడ్డ మడతపెట్టి ఉంది. దానివైపు చూడలేకపోయాను. నోటికొచ్చింది నాన్న మీదే.

"ఎందుకు అనలేదు నాన్నా? పలికింది కదా. నేను చూశాను, అది చూసింది, నువ్వెందుకు అనలేదు?"

నాన్న మోకాళ్ళ మీద చేతులు రాసుకున్నాడు.

"నాకు కనబడదమ్మా" అన్నాడు.

"ఏంటి కనబడదు?"

"నడిమధ్య మచ్చ వచ్చింది కంట్లో. రెండు కళ్ళలోనూ. అయిదేళ్ళయింది. నిన్ను తిన్నగా చూస్తే నీ చెవులు కనబడతాయి, మొహం కనబడదు. కనెక్టరెక్కడ కనబడుతుంది?"

అయిదేళ్ళంటే కొన్ని వందల బోర్డులు. వాటన్నిటికీ నాన్న మాట విని చెయ్యి ఎత్తాను.

"మరి ఇన్నాళ్ళూ ఎలా అన్నావు?"

"నువ్వే చెప్పేదానివి. కదిలి కూర్చోగానే బుస్సుమని ఊపిరి వదిలేదానివి. అది విని నేను అనేవాణ్ణి. అయిదేళ్ళలో ఒక్కటి తప్పలేదు." కాస్త ఆగాడు. "ఇవాళ నువ్వు ఊపిరి వదల్లేదు."

నిజమే, వదల్లేదు. కోపంతో బిగబట్టుకుని కూర్చున్నాను. వెనక నిలబడ్డదాని మీద కోపం.

"చెప్పొచ్చు కదా నాన్నా" అన్నాను.

"చెబితే నువ్వు నన్ను అడగవు. అడక్కపోతే ఇక్కడ నాకేం పనుంది?" అన్నాడు. తప్పుచేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

చెల్లెలివైపు తిరిగాను. దాని మొహంలో ఆశ్చర్యమన్నది లేదు.

"నీకు తెలుసు" అన్నాను.

"తెలుసక్కా. వచ్చిన నాలుగో రోజు తెలిసింది. నేను బోర్డు వైపు చూస్తున్నాను, నాన్న నావైపు చూస్తున్నాడు. నీకులాగా నేను బుస్సుమనను కదా, ఎప్పుడు అనాలో తెలీక పాపం ఇబ్బందిపడుతున్నాడు. అందుకని నేనే అనేశాను. నాన్న ఊ అన్నాడు. నీకు చెప్పొద్దని తర్వాత ఒట్టు వేయించుకున్నాడు."

దాన్ని రెండు వాయించాలనిపించింది. పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. ఎనిమిది నెలలు నేను దేన్ని చూసి కుళ్ళుకున్నానో అది అసలు పెత్తనమే కాదు, నాన్న పరువు కాపాడటం. సరే. కానీ ఆయన కళ్ళు పోయిన సంగతి దానికి నాలుగు రోజుల్లో తెలిసింది, రోజూ పక్కన కూర్చున్న నాకు అయిదేళ్ళయినా తెలియలేదు. ఈ కొత్త కడుపుమంట ముందు పాతదంతా దిగదుడుపే. బాత్‌రూములోకి వెళ్ళి మొహం కడుక్కుని, కాసేపు అద్దం వైపు చూడకుండా నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి చెల్లెలు మైక్రోస్కోపు లాక్కుని బల్ల మీద వంగి ఉంది. ఊడిపోయిన ప్యాడ్ల చోట పచ్చపూత సన్నగా గీకి, కింద రాగి గీత పైకి తేల్చింది. తలవెంట్రుకంత రాగితీగ తీసుకుని, ఆ గీతకు అతికించి, ప్యాడ్ ఆకారంలో వంచింది. రెండోది కూడా. పైన జిగురు చుక్క వేసి నీలిదీపం కింద గట్టిపరిచింది. ఆ చెయ్యి నాకు లేదు. ఉందని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. పాత విడిభాగాల డబ్బాలోంచి అలాంటిదే తెల్ల కనెక్టరు కూడా వెతికి పెట్టింది, ఒక్క నిమిషంలో. డబ్బా మీద చీటీ ఉంది మరి.

"తీగలు నిలబడ్డాయి. కానీ వీటి మీద గాలి పని నేను చెయ్యలేనక్కా. కొంచెం ఎక్కువైనా తీగలు కదిలిపోతాయి. నువ్వే చెయ్యాలి" అంది.

"ఇందాక చూశావుగా నా పని."

"ఇందాక నువ్వు పని చెయ్యలేదు, నాతో పోట్లాడావు."

కూర్చున్నాను. తెల్లది ముందు పెట్టాను, అది తేలిక. తర్వాత కొత్త నలభై కాళ్ళది. గాలి వేగం సగానికి తగ్గించి, చుట్లు మెల్లిగా, దూరం నుంచి మొదలుపెట్టాను. చెల్లెలు ఈసారి వెనక కాదు, ఎదురుగా నిలబడింది, పెదాలు గట్టిగా బిగించుకుని. నాన్న తల పక్కకు తిరిగి ఉంది. ఇన్నేళ్ళూ అది ఓరచూపు అనుకున్నాను. ఆయన నావైపు చెవి పెట్టాడు.

మెరుపు వచ్చింది. తోశాను. కనెక్టరు వెంట్రుకవాసి జరిగి, వచ్చి, తన చోట కూర్చుంది. తీగలు కదల్లేదు. నా ఊపిరి ఇంకా లోపలే ఉంది. అది వదిలితే నాన్న అనేస్తాడు, నాకు తెలుసు. వదలకుండానే నోరు తెరిచాను.

"పలికింది" అన్నాను.

బొంగురుగా వచ్చింది, ఎవరి గొంతో అన్నట్టు. గన్ను పక్కకు తీశాను. నాన్న "ఊ" అన్నాడు. లేచి, బల్ల అంచు పట్టుకుని, గొడుగు తీసుకున్నాడు.

"ఇంటికి పోతున్నానమ్మా."

"ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులుంది" అన్నాను.

"ఇంకెందుకులే" అన్నాడు. గుమ్మం దగ్గర కాలితో మెట్టు వెతుక్కుని దిగాడు. ఆయన రోజూ అలాగే దిగుతాడు. రోజూ చూస్తూనే ఉన్నాను. చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకోబోతే, నేను దాన్ని ఆపి ముందు నేను వెళ్ళి పట్టుకున్నాను.

సాయంత్రం టైలరమ్మ ఫోన్ చేసింది, తెర వెలిగిందట, మిషన్ నడుస్తోందట. కుర్చీ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి చెల్లెలు కుర్చీని నా ఎత్తుకు దించి ఉంచింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి గుర్తొచ్చింది దానికి. నేను కూర్చోలేదు. మీట నొక్కి పైకి లేపాను.

"కూర్చో. ఇవాళ గాలి పని నువ్వు చెయ్యి" అన్నాను.

"నేనా? మరి నువ్వు..."

"కూర్చోమన్నానా."

నేను వెళ్ళి నాన్న స్టూలు మీద కూర్చున్నాను. తల పక్కకు తిప్పుకున్నాను. బోర్డు వైపు చూడకూడదని కళ్ళు మూసుకున్నాను. గన్ను హోరు. ఫ్లక్స్ వాసన. దాని వెధవ కూనిరాగం. ఇది నాకులాగా బుస్సుమనదు, దీన్ని పట్టుకోలేకే నాన్న అవస్థపడ్డాడు. అలా ఎంతసేపు విన్నానో. ఉన్నట్టుండి రాగం మధ్యలో తెగింది.

"పలికింది" అన్నాను, అది నోరు తెరవకముందే.

కళ్ళు తెరిచేసరికి కనెక్టరు ట్వీజరు కొసన ఉంది, ఒక్క ప్యాడూ ఊడకుండా. చెల్లెలు బోర్డు వదిలేసి నావైపు చూస్తోంది.

"కళ్ళు మూసుకున్నావు కదక్కా. నీకెలా తెలిసింది?"

చెప్పలేదు. అన్నీ దానికే తెలియాలా ఏంటి.